ఎవరి పాస్‌వర్డ్ అడగాలి?

లినక్స్ కంప్యూటర్‌లో మామూలు ఖాతాతో పనిచేసే మనిషికి యంత్రం మీద పూర్తి పెత్తనం కావాలంటే పాత దారులు రెండున్నాయి. ఒకటి ‘సు’, రెండోది ‘సుడో’. రెండూ చేరేది ఒకే చోటికి, రూట్ అనే సర్వాధికార ఖాతాకి. ఏ ఫైలునైనా చెరపగలిగే, ఏ ప్రోగ్రామునైనా ఆపగలిగే, ఎవరి ఖాతానైనా తెరవగలిగే చోటు అది. తేడా గుమ్మం దగ్గరే ఉంది. సు అని కొడితే కంప్యూటర్ రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. సుడో అని కొడితే మీ పాస్‌వర్డే అడుగుతుంది. మొదటి ప్రశ్న ‘గుట్టు తెలుసా?’ అని, రెండోది ‘నువ్వెవరు?’ అని. యాభై ఏళ్లకు పైబడిన యూనిక్స్ చరిత్రలో ఈ రెండు ప్రశ్నల మధ్య జరిగిన జరుగుబాటును పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇంట్లో ఒక్కడే వాడుకునే కంప్యూటర్‌కి ఇదంతా అనవసరపు తతంగమని, పెద్ద సంస్థల అలవాటు ఇంట్లోకి జొరబడిందని అనేవాళ్లు ఇప్పటికీ చాలామంది. చరిత్రను కాస్త నిదానంగా చదివితే నాకు దీనికి ఎదురు మాటే తోస్తుంది. సుడో పుట్టింది పెద్ద యంత్రం మీదే అయినా దాని అసలు గుణం ఇంటి కంప్యూటర్‌లోనే ఎక్కువ అక్కరకొస్తుంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవడానికి తయారైంది. 1971 నవంబరు తేదీతో వెలువడిన మొదటి మాన్యువల్లోనే సు కమాండ్ ఉంది. అప్పటికే వాడుకరికీ సూపర్‌యూజర్‌కీ మధ్య గీత పడిందన్నమాట. ఆ గీత మొరటుది. దానికి ఇటువైపు ఉంటే మీ ఫైళ్లు మాత్రమే మీవి, అటువైపు దాటితే సర్వం మీదే. మధ్యలో మెట్లు లేవు. ఆ కొరత తీర్చడానికి రిచీ కనిపెట్టిన ఉపాయం సెట్‌యూఐడీ. ఒక ప్రోగ్రాము ఫైలు మీద ఒక్క గుర్తు పెడితే, దాన్ని ఎవరు నడిపినా ఆ ఫైలు యజమాని అధికారంతో నడుస్తుంది. పాస్‌వర్డ్ మార్చుకోవడాన్నే చూడండి. పాస్‌వర్డ్‌ల ఫైలును మామూలు వాడుకరి ముట్టుకోకూడదు, కానీ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోవాలి. ఆ ఒక్క పనికి మాత్రం ఆ ఒక్క ప్రోగ్రాము రూట్ అధికారంతో నడుస్తుంది. ఈ ఉపాయానికి 1973లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు, 1979లో మంజూరైంది, తర్వాత దాన్ని ప్రజలందరికీ వదిలేశారు. అధికారాన్ని మనిషికి కాకుండా పనికి కట్టబెట్టడం అనే ఆలోచన అక్కడ మొదలైంది. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ తమ ప్రసిద్ధ వ్యాసంలో, ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి వాడుకరికీ పని సాగడానికి ఎంత అధికారం కావాలో అంతే ఉండాలని సూత్రంగా రాశారు. సుడో ఈ రెండింటికీ వారసురాలు.

విశ్వవిద్యాలయాల్లో చిక్కు మరోలా తలెత్తింది. యంత్రం ఒకటి, దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు నలుగురైదుగురు. రాత్రిపూట టేపు మీదికి బ్యాకప్ తీసేవాళ్లొకరు, ప్రింటర్ మొరాయిస్తే మళ్లీ నడిపించేవాళ్లొకరు, కొత్త విద్యార్థులకు ఖాతాలు తెరిచేవాళ్లొకరు. అందరికీ రూట్ పాస్‌వర్డ్ చెప్పాల్సిందే. నలుగురికి తెలిసిన గుట్టు ఐదోవాడికి తెలియడానికి ఎంతసేపు? ఒకరు ఉద్యోగం మానేసి వెళ్తే అందరి కోసం పాస్‌వర్డ్ మార్చాలి. ఏదైనా పాడైతే చిట్టాలో రూట్ చేసిందనే ఉంటుంది. ఆ వేళ రూట్‌గా కూర్చున్నదెవరో తేల్చుకోవడం కష్టం. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బఫలో శాఖలో, కంప్యూటర్ సైన్స్ విభాగంలో, బాబ్ కాగ్‌షెల్, క్లిఫ్ స్పెన్సర్ ఒక వ్యాక్స్-11/750 మీద సుడో రాశారు. 1985 డిసెంబరులో దాని మెరుగైన రూపం యూజ్‌నెట్ ద్వారా బయటి ప్రపంచానికి చేరింది. అక్కణ్నుంచి అది కొలరాడో విశ్వవిద్యాలయానికి, 1991లో ఒక సలహా సంస్థ చేతికి వెళ్లింది. 1990ల నడుమ టాడ్ మిల్లర్ దాని పోషణ అందుకున్నారు. కోట్ల కంప్యూటర్లలో ఉన్న పనిముట్టును దశాబ్దాలుగా ఎక్కువగా ఒక్క మనిషే కాపాడుకుంటూ రావడం చిన్న సంగతి కాదు. పేరు గురించి ఒక్క మాట. సు, డూ అనే రెండు మాటలు కలిసినందువల్ల దాని సరైన ఉచ్చారణ ‘సూడూ’కి దగ్గర. తెలంగాణ పల్లెల్లో ‘సూడు’ అంటే చూడు అని. అనుకోకుండా కుదిరిన పోలికే అయినా, చేసే ముందు ఒక్కసారి చూడమనడమే ఈ పనిముట్టు చేసే పని.

సుడోలో కీలకం సుడోయర్స్ అనే ఫైలు. అందులో ఒక్కో వరస నాలుగు సంగతులు చెబుతుంది: ఎవరు, ఏ యంత్రం మీద, ఎవరి హోదాలో, ఏ కమాండ్ నడపొచ్చు. బ్యాకప్ తీసే మనిషికి బ్యాకప్ కమాండ్ ఒక్కటే, ప్రింటర్ చూసుకునేవాళ్లకి ప్రింటర్ కమాండ్లే. ఆ ఫైలులో ఒక్క అక్షరం తప్పినా తలుపులన్నీ మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, భద్రపరిచే ముందు తప్పులు పట్టి చెప్పే విసుడో అనే సాధనం కూడా దానితోనే వచ్చింది. తెలుగులో ‘చేబదులు’ అనే చక్కటి మాట ఉంది. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ముఖపరిచయం ఉంటుంది, పత్రం ఉండదు, గడువు కొద్ది రోజులే. సుడో ఇచ్చే అధికారం అలాంటి చేబదులే, కాకపోతే ఇక్కడ లెక్క రాసి ఉంటుంది. ఫలానా వాడుకరి ఫలానా వేళకు ఫలానా కమాండ్ నడిపాడని చిట్టాలో పడుతుంది. గడువూ ఉంది. ఒకసారి పాస్‌వర్డ్ చెప్పాక మామూలుగా అయిదు నిమిషాలు, ఉబుంటులో పదిహేను నిమిషాలు మళ్లీ అడగదు. ఆ తర్వాత బాకీ తీరిపోయినట్టే. మొదటిసారి వాడేవాళ్లకి అది ఒక చిన్న బోధ కూడా చేస్తుంది. ఎదుటివాళ్ల సొంత విషయాల జోలికి పోవద్దని, కొట్టబోయేముందు ఆలోచించమని, అధికారం చేతికొస్తే బాధ్యతా వస్తుందని. చాలామంది ఆ మూడు ముక్కలూ చదవకుండానే దాటిపోతారు. ఒక యంత్రం మనిషిని పెద్దరికంగా ఎంచి మాట్లాడిన తావులు కంప్యూటర్ లోకంలో అరుదని మాత్రం గుర్తుంచుకోవాలి.

అధికారాన్ని ఇలా ఎంచిన కొందరికే ఇవ్వడం మీద బలమైన అభ్యంతరం గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ వైపు నుంచి వచ్చింది. బీఎస్‌డీ యూనిక్స్‌లో ‘వీల్’ అనే గుంపులో ఉన్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి, రూట్ పాస్‌వర్డ్ తెలిసినా సరే, సు పనిచేయదు. గ్నూ వాళ్లు రాసిన సులో ఆ కట్టుబాటు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. కారణం మాన్యువల్లోనే రాశారు. 1984లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో కొందరు ఆపరేటర్ పాస్‌వర్డ్ మార్చేసి, మిగతావాళ్లకి చెప్పకుండా పెత్తనం చేజిక్కించుకున్నారు. కెర్నెల్‌ను సవరించి దాన్ని తిప్పికొట్టగలిగానని, యూనిక్స్‌లో అయితే అది తన చేత అయ్యేది కాదని ఆయన అన్నారు. పంచుకున్న గుట్టు సామాన్యుల చేతి ఆయుధం, వీల్ గుంపు దాన్ని లాగేసుకుంటుంది అన్నది ఆయన బాధ. వాడుకరుల పక్షాన నిలబడిన ఆ మనసును గౌరవించాల్సిందే. కానీ ఆ వాదన పదులమంది ఒక యంత్రాన్ని పంచుకున్న నాటిది. ఇంటి కంప్యూటర్‌లో అంతిమ అధికారం ఏ పాస్‌వర్డ్‌లోనూ లేదు, యంత్రం ఎవరి చేతిలో ఉందో వాళ్లదే. డిస్కుకి గుప్తలిపి రక్షణ లేకపోతే, యూఎస్‌బీ పుల్ల పెట్టి కంప్యూటర్‌ను తెరిచినవాళ్లు ఏ ఫైలునైనా చదవగలరు. కాబట్టి సుడో ఇంట్లో ఎవరినీ నిరంకుశులను చేయలేదు. గుట్టును పంచుకోవాల్సిన అవసరమే పోయాక దాన్ని దాచిపెట్టి పెత్తనం చేసే వీలూ పోయింది. నా లెక్కన స్టాల్‌మన్ కోరిన సమానత్వం వైపు సుడో ఒక అడుగు దగ్గరగానే ఉంది.

లినక్స్ 1991లో పుట్టి, ఆ దశాబ్దంలోనే ఇళ్లలోకి వచ్చింది. వచ్చిన కొత్తలో దానికి ఇంటి పద్ధతులు తెలియవు. సీడీ పెట్టి చూడాలంటే మౌంట్ చేయాలి, అంటే దాన్ని ఫైళ్ల వ్యవస్థకి జోడించాలి. మౌంట్ చేయడం రూట్ పని. మోడెమ్‌తో ఇంటర్‌నెట్‌కి డయల్ చేయడమూ, చివరికి కంప్యూటర్‌ను సవ్యంగా ఆపడమూ రూట్ పనులే. ఒక విడ్డూరం చాలాకాలం నడిచింది. లాగిన్ అయి కూర్చున్న మామూలు వాడుకరి షట్‌డౌన్ కమాండ్ కొడితే అనుమతి లేదనేది. అదే లాగిన్ కాకుండానే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కితే మారుమాట లేకుండా రీబూట్ అయ్యేది. అనుమతులు మనిషి అవసరాన్ని బట్టి కాకుండా యంత్రాల గది అలవాటును బట్టి ఏర్పడ్డాయనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు ఒక్కో ముడీ విప్పుతూ వచ్చాయి. మౌంట్ అమరికలుండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో సీడీ వరసకి ‘యూజర్’ అన్న మాట చేరిస్తే ఎవరైనా మౌంట్ చేసుకోవచ్చు. డెబియన్‌లో ఆడియో, సీడీరోమ్, డయల్‌అవుట్, ప్లగ్‌డెవ్ వంటి గుంపులు ఏర్పరిచి, ఏ పరికరం కావాలో ఆ గుంపులో వాడుకరిని చేర్చేవారు. ఓపికున్నవాళ్లకి ఇవి సరిపోయాయి. ఓపిక లేనివాళ్లు రోజంతా రూట్‌గానే లాగిన్ అయి బతికారు. 2000ల మొదట్లో లిండోస్ అనే పంపిణీ, విండోస్‌కి అలవాటుపడ్డ జనానికి సుళువుగా ఉండాలని, మామూలు వాడుకనే రూట్ ఖాతాలో నడిపించి విమర్శల పాలైంది. అదేమీ వింత ఆలోచన కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో మొదట తెరిచే ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలే. అందరూ అన్నిటికీ యజమానులుగా ఉండగా పురుగులూ వైరస్‌లూ అంతే స్వేచ్ఛగా తిరిగిన రోజులవి.

మలుపు రెండుచోట్ల వచ్చింది. 2001లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్‌ను రూట్ ఖాతా మూసి విడుదల చేసింది. 2004 అక్టోబరులో వచ్చిన ఉబుంటు తొలి విడుదల, వార్టీ వార్థాగ్, లినక్స్‌లో అదే చేసింది. రూట్‌కి పాస్‌వర్డే లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు రాసిన మొదటి మనిషికి సుడో హక్కు వచ్చింది. తర్వాత చేర్చిన ఖాతాలకి ఎవరైనా పూనుకుని ఇస్తే తప్ప రాలేదు. డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనూ రూట్ పాస్‌వర్డ్ దగ్గర ఖాళీ వదిలేస్తే ఇదే పద్ధతి అమలవుతుంది. బఫలోలో పుట్టిన పనిముట్టు ఇక్కడ తలకిందులైంది. అక్కడ పలువురికి కొద్దికొద్దిగా పంచేది, ఇక్కడ ఒక్కరికే మొత్తం ఇచ్చేది. ఉబుంటు సుడోయర్స్ ఫైలులో సుడో హక్కున్న గుంపుకి రాసిన వరస అన్ని యంత్రాల మీద, అందరి హోదాలో, అన్ని కమాండ్లూ అంటుంది. దీన్ని చూసే కొందరు పాతకాపులు సుడోని చెడగొట్టారంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. ఎంత కావాలో అంతే ఇవ్వడం కోసం పుట్టినదాన్ని, అంతా ఇచ్చేయడానికి వాడుతున్నారు. వాడుకరీ యజమానీ ఒక్కరే అయినప్పుడు, తన పాస్‌వర్డ్ తనకే చెప్పుకుని సాధించేదేమిటి?

జవాబు వాళ్లు వెతకని చోట ఉంది. ఉమ్మడి యంత్రం మీద సుడో మనిషికీ మనిషికీ మధ్య గీత గీసింది. ఇంటి యంత్రం మీద అది ఒకే మనిషి తాలూకు రెండు క్షణాల మధ్య గీత గీస్తుంది. పొద్దున్నుంచి ఉత్తరాలు రాసి, పాటలు విని, లెక్కలు చూసుకున్న మనిషికి ఆ వేళల్లో డిస్కును ఫార్మాట్ చేసే శక్తి చేతిలో ఉండాల్సిన పనిలేదు. అవసరం పడ్డ క్షణాన ఆ శక్తిని పిలుస్తాడు, తన పేరు చెప్పుకుంటాడు, పని కాగానే వదిలేస్తాడు. డైరెక్టరీ పేరులో పొరపాటున ఒక ఖాళీ పడి, చెరిపే కమాండ్ డిస్కు మొత్తం మీద పడబోయిందనుకోండి. మామూలు ఖాతాలో అయితే సొంత ఫైళ్ల వరకే నష్టం, కంప్యూటర్ నిలబడుతుంది. రోజంతా రూట్‌గా ఉన్నవాడికి ఆ గట్టు లేదు. సు కొట్టి రూట్ అయినవాళ్లు పని ముగిశాక ఎగ్జిట్ కొట్టడం మరిచి, అదే కిటికీలో గంటల తరబడి ఉండిపోతారు. సుడో ఒక్కో కమాండ్‌కి ముందు ఒక్కో మాట అదనంగా కొట్టిస్తుంది. ఆ శ్రమే దాని సుగుణం. పైగా రెండు నెలల కిందట ఏం మార్చామో మనకే గుర్తులేనప్పుడు చిట్టా చెబుతుంది. ఉమ్మడి యంత్రంలో దోషిని పట్టుకోవడానికి పెట్టిన చిట్టా, ఇంట్లో మతిమరుపుకి మందవుతుంది.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. 2013లో ఎక్స్‌కేసీడీ కార్టూన్ ఒకటి దాన్ని సూటిగా పెట్టింది. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను దొంగ ఎత్తుకుపోతే మీ ఉత్తరాలు చదవగలడు, డబ్బు లాగగలడు, మీ పేరుతో మాట్లాడగలడు. కానీ మీ అనుమతి లేకుండా డ్రైవర్లు మాత్రం ఇన్‌స్టాల్ చేయలేడు. అంటే విలువైనదంతా వాడుకరి ఖాతాలోనే ఉండగా, తాళం వేసింది విలువలేని గదికి. మీ ఖాతాలో జొరబడ్డ దుష్ట ప్రోగ్రాము షెల్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులో ఒక వరస రాసి, సుడో పేరుతో తానే పాస్‌వర్డ్ అడిగి కాజేయగలదన్నది కూడా నిజమే. ఈ రెండూ ఒప్పుకుంటాను. సుడో దొంగను ఆపే తలుపు అని ఎవరైనా చెబితే అది తప్పు. అయినా మోసపోవడానికీ మొత్తం పోవడానికీ తేడా ఉంది. రూట్ దొరకని ప్రోగ్రాము కెర్నెల్ కింద దాక్కోలేదు, తన జాడలను చిట్టాల్లోంచి చెరపలేదు, ఇంట్లో మిగతావాళ్ల ఖాతాల్లోకి పోలేదు. ఖాతాను చెరిపి, బ్యాకప్ నుంచి ఫైళ్లు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టే ఆశ ఉంటుంది. కార్టూన్ ఎత్తి చూపిన లోపానికి మందు బ్రౌజర్‌నీ మిగతా ప్రోగ్రాములనీ ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయడం. సుడోను తీసేస్తే ఆ లోపం ఇంకా వెడల్పవుతుంది.

అడగకూడనివాటికి కూడా అడిగితే ఈ గుణమంతా నీరుగారుతుంది. విండోస్ విస్టా మాటిమాటికీ అనుమతి అడిగి జనాన్ని విసిగించింది, 2009లో వచ్చిన విండోస్ 7లో ఆ ప్రశ్నలు తగ్గించాల్సి వచ్చింది. చదవకుండానే సరే నొక్కడం అలవాటైన చేయి అసలు ప్రమాదం వచ్చినప్పుడూ సరే అనే నొక్కుతుంది. లినక్స్ కూడా ఈ తప్పు చేసింది. 2012లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఓపెన్‌సూసా అనే పంపిణీ మీద బహిరంగంగా మండిపడ్డారు. బడిలో ప్రింటర్ చేర్చుకోవాలంటే రూట్ పాస్‌వర్డ్ అడుగుతోందని ఆయన కూతురు ఫోన్ చేసిందట. ఆయన భాష కటువుగా ఉంది, ఫిర్యాదు మాత్రం న్యాయమైంది. ల్యాప్‌టాప్ చేతిలో ఉన్న పిల్లకి ప్రింటర్ కోసం దూరాన ఉన్న తండ్రి గుట్టు ఎందుకు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టుంది ఆ ఏర్పాటు. ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది. ఓపెన్‌సూసాలో సుడో కూడా చాలా ఏళ్లపాటు కొట్టినవాళ్ల పాస్‌వర్డ్ కాకుండా రూట్ పాస్‌వర్డే అడిగేలా అమరి ఉండేది. పేరు సుడో, ప్రశ్న సుది. ఒక్క అమరికతో పనిముట్టు స్వభావమే మారిపోయింది. అప్పటికే పోల్‌కిట్ అనే ఏర్పాటు వచ్చి, కమాండ్‌ను బట్టి కాకుండా చేసే పనిని బట్టి అనుమతి తేల్చడం మొదలుపెట్టింది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు యూఎస్‌బీ పుల్ల తెరవొచ్చు, వైఫైకి కలపొచ్చు, ఆపొచ్చు. కొత్త ఖాతా తెరవాలంటే మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. 1990ల్లో గుంపులతో కుట్టిన అతుకులను పోల్‌కిట్ ఒక పద్ధతిలో పెట్టింది.

ఇక ఇంట్లో రెండో మనిషికి ఏదైనా ఒక కమాండ్ ఇవ్వాల్సి వస్తే, బఫలో నాటి పాత పద్ధతే మళ్లీ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ జాబితా తాజా చేయడం, మొరాయించిన ప్రింటర్ సేవను మళ్లీ నడపడం వంటి పనులను పూర్తి దారితో సహా ఒక్కో వరసగా రాయొచ్చు. రాసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. విఐ లాంటి ఎడిటర్‌నో, లెస్ లాంటి చదువరినో సుడోతో ఇస్తే దాని లోపలి నుంచే రూట్ షెల్ తెరుచుకోవచ్చు. ఇచ్చింది కిటికీ అనుకుంటాం, తీరా చూస్తే సింహద్వారం. అందుకే ఫైలు దిద్దడానికి సుడోఎడిట్ వేరుగా వచ్చింది. అది ఎడిటర్‌ను మామూలు హోదాలోనే నడిపి, దిద్దిన ప్రతిని మాత్రం రూట్ పేరుతో తిరిగి పెడుతుంది. అన్నీ ఇచ్చి ఒకటి రెండు కాదనడం మరో ఉచ్చు. కాదన్న ప్రోగ్రామును ఇంకో పేరుతో నకలు తీసుకుని నడపడం ఎంతసేపు పని, సుడో మాన్యువల్ కూడా ఈ సంగతి హెచ్చరిస్తుంది. పాస్‌వర్డ్ అడగకుండా వదిలేసే నోపాస్‌వర్డ్ అమరిక నిజంగా హానిలేని ఒకటి రెండు కమాండ్లకే తగింది. రాస్ప్‌బెర్రీ పై బోర్డులు ఏళ్లతరబడి అందరికీ తెలిసిన ‘పై’ అనే ఖాతాతో, లోకానికంతా తెలిసిన పాస్‌వర్డ్‌తో, అడగకుండా అన్నీ ఇచ్చే సుడోతో వచ్చాయి. 2022లో ఆ ఖాతాను తీసేసి, పేరూ పాస్‌వర్డూ వాడుకరే పెట్టుకోవాలన్నారు. ‘నువ్వెవరు?’ అనే ప్రశ్నకు అందరిదీ ఒకే జవాబైతే ఆ ప్రశ్న అడిగీ లాభం లేదు కాబట్టి ఆ మార్పు తప్పలేదు.

చివరి అభ్యంతరం సుడో మీదే. తలుపు కాపలావాడే బలహీనుడైతే? 2021 జనవరిలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టిన బారన్ సమెడిట్ లోపం సుడోలో 2011 నుంచీ దాగి ఉంది. సుడోయర్స్ ఫైలులో పేరు లేనివాళ్లు కూడా దానితో రూట్ కాగలిగారు. మరుసటి ఏడాది అదే సంస్థ పోల్‌కిట్‌కి చెందిన పీకే-ఎగ్జెక్‌లో 2009 నుంచి ఉన్న లోపాన్ని చూపింది. రెండూ సెట్‌యూఐడీ ప్రోగ్రాములే. రిచీ ఉపాయం ఒక చిన్న పనికి చిన్న ప్రోగ్రాము కోసం పుట్టింది. దాని మీద వేల వరసల సుడో పెరిగింది. వీటిని చూసి మళ్లీ సుకి పోదామంటే లాభం లేదు, అదీ సెట్‌యూఐడీ ప్రోగ్రామే. నిజమైన జవాబులు వేరే దిక్కుల నుంచి వచ్చాయి. ఓపెన్‌బీఎస్‌డీలో టెడ్ ఉనాంగ్‌స్ట్ 2015లో డూఅస్ అనే చిన్న పనిముట్టు ఇచ్చారు. ఇంటి అవసరాలకు అందులోని రెండు మూడు వరసల అమరిక చాలు. మెమరీ తప్పులకు చోటివ్వని రస్ట్ భాషలో సుడో-ఆర్‌ఎస్ రాశారు, 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 దాన్నే మామూలు సుడోగా పెట్టుకుంది. లినక్స్‌లో సేవలన్నిటినీ నడిపే సిస్టమ్‌డీతో 2024లో వచ్చిన రన్0 సెట్‌యూఐడీనే వదిలేసింది. అది అధికారం తన ఒంటి మీద వేసుకోదు, పని కావాలని సిస్టమ్‌డీకి మనవి చేసుకుంటుంది, అనుమతి సంగతి పోల్‌కిట్ చూస్తుంది. ఇన్ని మారినా సుడో పద్ధతి నిలిచింది. అడ్మిన్ హక్కున్నవాళ్లను ఇవి వాళ్ల పాస్‌వర్డే అడుగుతాయి, ఎవరు అడిగారో రాసుకుంటాయి. రన్0 ఇంకొకటి కూడా చేస్తుంది. అధికారం చేతిలో ఉన్నంతసేపూ టెర్మినల్ వెనక రంగు ఎర్రబారుతుంది. ఆ పని ముగియగానే మామూలు రంగు తిరిగొస్తుంది.